జొన్న నాముకు హైపో: ఇంట్లో ఉంచుకోండి, కానీ సరైన హైపోనే

ప్రశ్న: జొన్న కోసిన చేన్ల వాన పడ్డంక మోళ్లకు పిలకలొచ్చినయి. అవి మేసి మా ఆవు కిందపడ్డది. డాక్టరు సారు వచ్చి నరానికి సూది వేస్తే బతికింది. అది హైపో మందు అన్నరు. మా ఊరికి డాక్టరు రావాలంటే గంట పడ్తది. హైపో తెచ్చి ఇంట్లో పెట్టుకుని మేమే తాగించొచ్చా? గొర్లకు ఎంత?
– ఒక రైతు, మక్తల్, నారాయణపేట జిల్లా

జవాబు: హైపో (సోడియం థయోసల్ఫేట్) ఉంచుకోవచ్చు. కానీ మీరు తాగించేది సూదికి బదులు కాదు. ఈ రెండూ చేసే పనులు వేరు.

నాములో (కోసిన మోళ్లకు వచ్చే పిలకల్లో), లేత జొన్నలో, ఎండకు వాడి మళ్లీ చిగురించిన మొక్కలో సైనైడ్ విషం పుడుతుంది. పశువు మేసిన పది, పదిహేను నిమిషాల్లోనే రొప్పడం, నురగ కార్చడం, తూలి పడిపోవడం మొదలవుతాయి. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణాలు వాడుకోలేవు, అందుకే కనురెప్పల లోపల, చిగుళ్లు ఎర్రగా మెరుస్తాయి. డాక్టరు సాధారణంగా పెద్ద పశువుకు 3 గ్రాముల సోడియం నైట్రైట్, 15 గ్రాముల హైపో 200 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు. నైట్రైట్ సైనైడ్‌ను కణాల నుంచి రక్తంలోకి లాగుతుంది. హైపో తనలోని గంధకాన్ని ఇచ్చి దాన్ని థయోసయనేట్‌గా మారుస్తుంది, అది మూత్రంలో పోతుంది. ఈ సూది మీరు వేయవద్దు. రక్తం ఎర్రగా కాక చాక్లెట్ రంగులో ఉంటే అది నైట్రేట్ విషం. అప్పుడు నైట్రైట్ ఎక్కిస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది.

మీరు తాగించే హైపో పొట్టలో ఇంకా మిగిలిన విషం మీద పని చేస్తుంది. పెద్ద పశువుకు 30 గ్రాములు అర లీటరు నీటిలో కరిగించి పట్టండి. డాక్టరు వచ్చేలోపు గంటకోసారి ఇదే మోతాదు ఇవ్వొచ్చు. 30 కిలోల గొర్రెకు 3 గ్రాములు చాలు. నిలబడి, గుటక వేయగలిగిన పశువుకే పట్టాలి. కొట్టుకుంటున్న పశువు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి, విషం తగ్గినా న్యుమోనియాతో చస్తుంది. అలాంటప్పుడు తాగించే ప్రయత్నం వదిలి పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి. మందలో ఒకటి పడిందంటే మిగతావాటిని ముందు చేను దాటించండి, వాటికి కూడా తాగించండి.

ఇప్పుడు అసలు చిక్కు. ‘హైపో’ అని అడిగితే కరోనా కాలంలో వీధుల్లో చల్లిన సోడియం హైపోక్లోరైట్ కూడా ఇస్తారు. అది గొంతు, పేగులను కాల్చేస్తుంది. బెల్లం తెల్లబడటానికి వేసే హైడ్రోస్ ఇంకోటి. డబ్బా మీద ‘సోడియం థయోసల్ఫేట్’ అని ఉండాలి. పటిక ముక్కల్లా తెల్లగా, అద్దంలా మెరిసే గింజలు, వాసన ఉండదు. గంధకం కాలిన వాసన గానీ, బ్లీచింగ్ వాసన గానీ వస్తే పారేయండి. కొద్దిగా నీటిలో కరిగించి ఒక చుక్క టించర్ అయోడిన్ వేస్తే రంగు క్షణంలో పోవాలి. పటికైతే పోదు. హైడ్రోస్‌కు కూడా రంగు పోతుంది, అందుకే వాసన చూడటం మానవద్దు.

దుకాణంలోనే 30 గ్రాముల పొట్లాలు కట్టించి గట్టి మూత డబ్బాలో దాచండి. రేకుల షెడ్డులో పెట్టకండి. 48 డిగ్రీల దగ్గర గింజలు తమలోని నీటిలోనే కరిగి ముద్దవుతాయి, మే నెలలో రేకు కింద అంత వేడి మామూలే. పశువుకు ఇచ్చేటప్పుడే కలపాలి. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు వేయవద్దు. పులుపు తగిలితే మందు విరిగి గంధకం తెల్లగా తేలుతుంది, ఘాటు వాయువు వస్తుంది.

మిగిలిన పొడిని వృథా చేయకండి. ఇంటి కోళ్లకు లసోటా టీకాను (కొక్కెర తెగులు రాకుండా ఇచ్చేది) మిషన్ భగీరథ నల్లా నీటిలో ఇస్తే క్లోరిన్ టీకాను చంపేస్తుంది. 100 లీటర్లకు గ్రామున్నర హైపో ముందు కలిపితే క్లోరిన్ పోతుంది.

జొన్న చేను విషయానికొస్తే, పూత సగం దాటిన తర్వాతే కోసి మేపండి. నీటి ఎద్దడిలో ఉన్న పైరుకు ఒక తడి ఇచ్చి, కొద్ది రోజులు ఆగి కోయండి. కోసింది ఎండలో ఆరబెడితే విషం చాలా తగ్గుతుంది. కోత అయిన చేలో వాన పడిందంటే మోళ్లను దున్నేసేదాకా పశువులను అటు తోలవద్దు.