బయటి ఫ్యాను తిరగకపోతే అది గ్యాసు జబ్బు కాదు: పాత స్ప్లిట్ ఏసీకి కెపాసిటర్, మోటార్ మార్చిన నా అనుభవం

మీరు అడిగింది ఇది. ఒంగోల్లో పన్నెండేళ్ల నాటి ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ. ఆన్ చేసిన పది నిమిషాలు చల్లగా వచ్చి, ఆ తర్వాత ఉత్త గాలి కొడుతోంది. బయటి యూనిట్లో ఫ్యాను తిరగడం లేదు. చూడ్డానికి వచ్చినాయన మోటార్ పోయింది, గ్యాసూ తగ్గింది, ఇంత పాతదానికి ఖర్చు దండగ, కొత్తది తీసుకోండి అన్నాడు. మోటార్, కెపాసిటర్ మార్చి నడుపుకోవచ్చా, ఆ పని మనమే చేసుకోవచ్చా అని మీ సందేహం.

నడుపుకోవచ్చు. మాది ఇందుకూరుపేట, మైపాడు సముద్రం దగ్గరే. 2011లో కొన్న ఏసీకి ఈ రెండూ మార్చి ఇప్పటికీ వాడుతున్నాం. కానీ అక్కడికి రావడానికి నేను రెండుసార్లు అనవసరంగా డబ్బు కట్టాను. మీకు ఆ ఖర్చు తప్పాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

2022 మే నెల. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయి మంచం మీదుంది. పగలంతా పడమటి గాలి, సాయంత్రం దాకా సముద్రపు గాలి తిరగదు. సరిగ్గా మీరు చెప్పిన లక్షణమే మొదలైంది: పది నిమిషాలు చల్లగా, తర్వాత ఉత్త గాలి, మళ్లీ అరగంటాగి పెడితే ఇంకో పది నిమిషాలు చల్లగా. మెకానిక్‌ను పిలిస్తే లోపలి యూనిట్ ముందు చెయ్యి పెట్టి చూసి "గ్యాసు పోయింది సార్" అన్నాడు. 2,800 రూపాయలు కట్టాను. మూడు రోజులకు మళ్లీ అదే కథ. ఇంకొకర్ని పిలిస్తే ఆయనా గ్యాసే అన్నాడు, ఇంకో 2,800. ఇద్దరిలో ఏ ఒక్కరూ ఏసీ నడుస్తుండగా మిద్దె ఎక్కి బయటి ఫ్యాను వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

మా వీధిలో రొయ్యల గుంటల ఏరేటర్ మోటార్లకు వైండింగ్ చేసే బాబాయ్ ఉన్నాడు. ఏసీ మెకానిక్ కాదు గానీ మోటార్ అంటే ఆయనకు చేతిలో పని. సంగతి చెప్తే ఒక్కటే అడిగాడు: "గ్యాసని ఎవురు జెప్పిందబ్బయ్యా? పైన ఫ్యాను తిరగతా ఉండాదా, చూసినావా?" మిద్దె ఎక్కాం. కంప్రెసర్ గుర్రుమంటోంది, ఫ్యాను రెక్క మాత్రం వణుకుతున్నట్టు కొద్దిగా కదిలి ఆగిపోతోంది. బాబాయ్ కొబ్బరి చీపురు నుంచి ఎండు పుల్ల ఒకటి లాగి, జాలీ సందులోంచి రెక్కను మెల్లగా తోశాడు. రెండు మూడు చుట్లు బద్ధకంగా తిరిగి, తర్వాత వేగం అందుకుంది. "ఇది మోటార్ గాదు, గ్యాసు గాదు. కండెన్సర్" అన్నాడు.

ఈ కండెన్సర్ అనే మాట దగ్గర జాగ్రత్త. మన దగ్గర సీలింగ్ ఫ్యానులో ఉండే కెపాసిటర్‌నే కండెన్సర్ అంటాం. ఏసీ వాళ్ల లెక్కలో కండెన్సర్ అంటే బయటి యూనిట్లో వేడిని వదిలే కాయిల్, వేలల్లో ఖర్చయ్యే వస్తువు. షాపులో "ఏసీ కండెన్సర్ పోయింది" అంటే మాట వేరే దారి పడుతుంది. "ఫ్యాన్ కెపాసిటర్" అని అడగండి.

గ్యాసు తగ్గితే ఎలా ఉంటుందో, ఫ్యాను ఆగితే ఎలా ఉంటుందో తేడా తెలిస్తే సగం మోసం ఆగిపోతుంది. గ్యాసు తగ్గినప్పుడు బయట ఫ్యానూ కంప్రెసరూ రెండూ ఆగకుండా నడుస్తాయి, చల్లదనం మాత్రం మొదటినుంచీ చాలదు, చాలాసార్లు సన్న పైపు నట్టు దగ్గరో లోపలి కాయిల్ ఒక పక్కనో మంచు పడుతుంది. ఫ్యాను ఆగితే మొదట బాగానే చల్లబడుతుంది. కాయిల్ వేడి పోయే దారి లేక లోపల ఒత్తిడి పెరిగి, కంప్రెసర్ కాగిపోయి, అతిగా కాగితే దాన్ని ఆపేసే ఓవర్‌లోడ్ స్విచ్ ట్రిప్ అవుతుంది. చల్లారాక మళ్లీ మొదలవుతుంది. మీరు రాసిన పది నిమిషాల లెక్క అదే. ఇలా రోజుల తరబడి నడిపితే కంప్రెసర్ వైండింగే కాలిపోతుంది. దయచేసి ఫ్యాను బాగయ్యేదాకా ఏసీ పెట్టకండి.

కెపాసిటర్ చేసే పని కూడా చెప్తాను. సింగిల్ ఫేజ్ కరెంటు మోటార్‌ను అటూ ఇటూ ఊపుతుందే గానీ తనంతట తిప్పలేదు. మోటార్లో రెండో చుట్ట ఉంటుంది, దానికి కరెంటును కాస్త ముందుకు జరిపి అందించేది కెపాసిటర్. ఆ తేడాతోనే తిరుగుడు పుడుతుంది. లోపల ప్లాస్టిక్ పొర మీద పలచగా లోహం పూత ఉంటుంది. వేడికీ, ఓల్టేజీ దెబ్బలకీ ఆ పూత చుక్క చుక్కగా కాలిపోతూ మైక్రోఫారడ్లు, అంటే కెపాసిటర్ సత్తాను కొలిచే లెక్క, తగ్గిపోతాయి. మిద్దె మీద రేకు డబ్బాలో, రోహిణి కార్తె ఎండలో, పక్కనే కాగే కంప్రెసర్‌తో దాని బతుకు ఎలా ఉంటుందో మీరే చూడండి.

ఇక పని. రిమోట్‌తో ఆపితే బయటి యూనిట్‌కు కరెంటు పోయినట్టు కాదు. ఏసీకి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ కింద పడేసి, స్టెబిలైజర్ ప్లగ్గు కూడా లాగేసి, టెర్మినల్ దగ్గర టెస్టర్ పెట్టి చూడాలి. అప్పుడు కూడా కెపాసిటర్లో కరెంటు నిలవ ఉంటుంది. కంప్రెసర్ కెపాసిటర్ కొట్టిందంటే చెయ్యి విసిరికొట్టి మనిషి మిద్దె మీంచి పడొచ్చు. బాబాయ్ దగ్గర హోల్డరుకు రెండు వైర్లు కట్టిన పాత బల్బు ఉంది. పిన్నులకు ఆ వైర్లు ఆనించి, పదిదాకా లెక్కబెట్టి, తర్వాత మీటర్ డీసీ ఓల్టుల్లో పెట్టి సున్నా వచ్చాకే చెయ్యి పెట్టాడు. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి నిప్పురవ్వలు రప్పించేవాళ్లుంటారు. మీరు అలా చెయ్యకండి.

మాకు రెండు విడి కెపాసిటర్లు: ఫ్యానుకు 2.5 మైక్రోఫారడ్ల నల్ల పెట్టె, కంప్రెసర్‌కు 45 మైక్రోఫారడ్ల వెండి డబ్బా. కొన్ని ఏసీల్లో రెండూ కలిపి ఒకే డబ్బా ఉంటుంది. దాని మీద సీ, ఫ్యాన్, హెర్మ్ అని మూడు గుర్తులుంటాయి, హెర్మ్ అంటే కంప్రెసర్ వైపు. వైర్లు పీకేముందు ఫోన్లో రెండు వైపులనుంచి ఫొటోలు తీసుకోండి. మా ఫ్యాన్ కెపాసిటర్ మీటర్లో 0.8 చూపించింది. కంప్రెసర్‌ది 41, మూత కాస్త ఉబ్బి ఉంది. సాధారణంగా మీద రాసినదానికి అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంతకు మించి తగ్గితే మార్చాల్సిందే.

అక్కడ బాబాయ్ చేసిన పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. షాపుకు పోకముందే మా వరండా సీలింగ్ ఫ్యాను కండెన్సర్ ఊడదీశాడు. అది కూడా 2.5 మైక్రోఫారడ్లు, 440 ఓల్టులే. తాత్కాలికంగా దాన్ని తగిలించి ఏసీ పెడితే, పుల్ల అవసరం లేకుండానే ఫ్యాను గిర్రున తిరిగింది. జాలీ ముందు నిలబడితే వేడిగాలి మొహానికి కొట్టింది. అమ్మ గది పావుగంటలో చల్లబడింది. ఇలా పరీక్షకు మాత్రమే, దాన్నే ఉంచెయ్యకూడదు, బయటి ఎండకు చేసిన వస్తువు కాదది. మర్నాడు నెల్లూరులో ఏసీ స్పేర్ల షాపులో రెండు కెపాసిటర్లూ కలిపి 420 రూపాయలకు తెచ్చి వేశాం. కొనేటప్పుడు మైక్రోఫారడ్లు అవే ఉండాలి. ఓల్టులు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తక్కువ పనికిరాదు.

మీకైతే నా సలహా ఇదే: మోటార్ కొనకముందు కెపాసిటర్ మార్చి చూడండి. చాలాసార్లు కథ అక్కడే అయిపోతుంది. మాకు అవలేదు. అయిదు వారాలకు ఫ్యాను కీచుమని అరవడం మొదలుపెట్టి ఒకరోజు బిగుసుకుపోయింది. బలహీనమైన కెపాసిటర్‌తో చాలాకాలం కాగీ కాగీ, పైన ఉప్పుగాలి తగిలీ బేరింగ్ పోయింది. ఎంసీబీ పడేసి రెక్కను చేత్తో తిప్పి చూడండి. మంచి మోటార్ అయితే వదిలాక కొన్ని చుట్లు తనే తిరుగుతుంది. గరగరమన్నా, ఇరుసు పక్కలకు ఊగినా బేరింగ్ పని అయిపోయినట్టే. కొన్ని మోటార్లకు బేరింగ్ మార్చుకోవచ్చు. మాది లోపలంతా బంక పోసి మూసేసిన రకం, తెరవడానికి వీల్లేదు.

వైండింగ్ సంగతి మీటర్ ఓమ్స్‌లో పెట్టి చూస్తే తెలుస్తుంది. మూడు వైర్లున్న మోటార్లో రెండేసి చొప్పున మూడుసార్లు కొలవండి. ఏ రెండిటి మధ్య అన్నిటికంటే ఎక్కువ వస్తుందో ఆ రెండూ కెపాసిటర్‌కు పోయేవి, మిగిలింది కామన్, అంటే రెండు చుట్టలకూ ఉమ్మడి వైరు. మిగతా రెండు కొలతలు కూడితే ఆ పెద్ద అంకె రావాలి. ఎక్కడైనా మీటర్ కదలకపోతే చుట్ట తెగినట్టు. ఏ వైరుకైనా, మోటార్ ఒంటికీ మధ్య రీడింగ్ వస్తే షార్ట్, అలాంటి మోటార్‌కు మళ్లీ కరెంటు ఇవ్వకండి. రంగులు నమ్మొద్దు, కంపెనీకో తీరు. మూత లోపల అంటించిన బొమ్మ చూడండి.

కొత్త మోటార్ తెచ్చేటప్పుడు పాతదాన్ని సంచిలో వేసుకుని పొండి. వాట్లు, ఆర్‌పీఎం, తిరిగే దిక్కు, కెపాసిటర్ విలువ, ఇరుసు లావు, దాని మీద చదునుగా కోసిన భాగం పొడవు, కాళ్ల రంధ్రాల దూరం, ఇవన్నీ కలవాలి. కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పెట్టి కొలిస్తే ఇంటికొచ్చాక బాధ ఉండదు. మాకు 1,900 అయింది.

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది రెక్క ఊడదీయడానికి. నట్టు ఉప్పుకు తుప్పు పట్టి ఇరుసుతో ఏకమైపోయింది. ముందురోజు సాయంత్రమే డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేశాం. మర్నాడు నేను మామూలుగా ఎడమకు తిప్పి బలం చేస్తుంటే బాబాయ్ చెయ్యి పట్టుకున్నాడు: "ఆగబ్బయ్యా, అది ఎడమ మర. ఇంకా బిగిస్తా ఉండావు." చాలా బయటి యూనిట్లలో ఈ నట్టు కుడికి తిప్పితేనే వదులవుతుంది. పాత ప్లాస్టిక్ రెక్కలు ఎండకు పెళుసెక్కి ఉంటాయి, అంచులు పట్టి లాగితే విరుగుతాయి. మధ్య దిమ్మె పట్టి, రెండు పక్కలా సమానంగా కదుపుతూ లాగాలి.

బిగించాక మొదటిసారి పెడితే ఫ్యాను జోరుగా తిరిగింది, నేను పని అయిపోయిందనుకున్నాను. బాబాయ్ జాలీ ముందు వార్తాపత్రిక ముక్క పట్టుకున్నాడు. అది బయటికి ఎగరాల్సింది పోయి జాలీకి అతుక్కుంది. ఫ్యాను ఎదురు తిరుగుతోంది! కెపాసిటర్‌కు పోయే రెండు వైర్లలో మెయిన్ చుట్టకు అందాల్సిన కరెంటు రెండో చుట్టకు తగిలించాను. మళ్లీ అంతా ఆపి, బల్బు ఆనించి, ఆ వైరును అసలు చోటికి మార్చాం. అప్పుడు కాగితం బయటికి కొట్టుకుంది. ఈ కాగితం పరీక్ష మీరు తప్పక చెయ్యండి, కంటితో చూస్తే దిక్కు తెలియదు.

వైర్లు మోటార్లోకి వెళ్లేచోట కిందికి వంపు ఉండేలా కట్టండి, వాననీరు వైరు వెంట లోపలికి జారదు. మోటార్ విప్పినప్పుడే కాయిల్‌ను లోపలినుంచి బయటికి సన్న ధారతో కడిగెయ్యండి, మళ్లీ ఆ అవకాశం రాదు.

మీరే చెయ్యొచ్చా అంటే, యూనిట్ మిద్దె మీద చదునుగా ఉండి, మీకు మీటర్ వాడటం అలవాటుంటే చెయ్యొచ్చు. సన్‌షేడ్ మీదో, గోడ బ్రాకెట్ మీద ఎత్తులోనో ఉంటే వద్దు. పనివాణ్ని పిలవండి, కాకపోతే ఆయనతోపాటు మీరూ నిలబడి మైక్రోఫారడ్ రీడింగ్ చూపించమని అడగండి. ఈ పనిలో గ్యాసు పైపు జోలికి పోవాల్సిన అవసరమే లేదు, ఎవరైనా గ్యాసు తీసి మళ్లీ నింపాలంటే ఒప్పుకోకండి. ఒకటి, మీది ఇన్వర్టర్ రకమైతే నేను రాసింది వర్తించదు, వాటి ఫ్యాను మోటార్ సాధారణంగా బోర్డుతో నడిచే డీసీది. ఇంకొకటి, కాయిల్ రేకులు గోరు తగిలితే పొడిగా రాలే స్థితిలో ఉంటే అప్పుడు మీ మెకానిక్ చెప్పిన కొత్త ఏసీ మాట నిజమే.

ముందు చీపురుపుల్లతో తోసి చూసి, ఏమైందో ఇక్కడ రాయండి. మోటార్ మీది పట్టీ, కెపాసిటర్ మీది అంకెలు కనిపించేలా ఫొటోలు పెడితే ఏ విలువది కొనాలో చెప్తాను, బాబాయ్‌కి కూడా చూపిస్తాను.