మేనకోడలికి: టేబుల్‌ను మార్చే క్వెరీ రాసే ముందు

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. పాల సొసైటీల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌లో డేటాబేస్ పని నీకు అప్పగించారని, సమాచారాన్ని చూపించమని డేటాబేస్‌ను అడిగే సెలెక్ట్ క్వెరీలు ధైర్యంగానే రాస్తున్నా టేబుల్‌ను మార్చవలసి వచ్చేసరికి చెయ్యి ఆడడం లేదని రాశావు. ఆ భయాన్ని పూర్తిగా పోగొట్టుకోవద్దు. సెలెక్ట్ తప్పయితే తప్పు జవాబు వస్తుంది, సరిచేసుకుని మళ్లీ అడగవచ్చు. ఉన్న సమాచారాన్ని మార్చే అప్‌డేట్ తప్పయితే మాత్రం ఎవరో ఒక రైతుకు రావలసిన పదిహేను రోజుల పాల డబ్బు ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

నాకు ఈ సంగతి ఎలా తెలిసివచ్చిందో ముందు చెబుతాను. ఒకప్పుడు నేను పనిచేసిన సంస్థలో ఒక శాఖలోని 38 మంది ఉద్యోగుల బ్యాంకు కోడ్ మార్చవలసి వచ్చింది. క్వెరీ సరిగ్గానే రాశాను. మొదటి రెండు వరుసల్లో ఏ టేబుల్‌లో ఏమి మార్చాలో చెప్పే అప్‌డేట్, సెట్ ఉన్నాయి, మూడో వరుసలో ఏ రికార్డులు మారాలో చెప్పే వేర్ షరతు ఉంది. మేము వాడే టూల్‌లో మౌస్‌తో ఎంచుకున్న భాగం మాత్రమే నడుస్తుంది. నేను రెండు వరుసలే ఎంచుకుని నడిపాను. 38 అని రావలసిన చోట 6,412 రికార్డులు మారాయని తెర మీద కనబడింది, ప్రతి మార్పునూ వెంటనే ఖాయం చేసే ఆటోకమిట్ ఆన్‌లో ఉండడం వల్ల వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. ముందురోజు రాత్రి తీసిన బ్యాకప్‌ను వేరే డేటాబేస్‌లోకి ఎక్కించి, ఉద్యోగి నంబరు ఆధారంగా పాత కోడ్‌లను తిరిగి తెచ్చుకున్నాము. ఆ ఉదయం నుంచి మారిన వివరాలు బ్యాకప్‌లో లేవు కాబట్టి వాటిని కాగితపు దరఖాస్తులు ముందు పెట్టుకుని ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కించాము. ఇంటికి చేరేసరికి తెల్లవారింది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే మనం క్వెరీలు రాసే ఎస్‌క్యూఎల్ భాష స్వభావం తెలియాలి. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ సమాచారాన్ని టేబుళ్లుగా అమర్చే రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించాడు. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ దాని కోసం సీక్వెల్ అనే భాషను రూపొందించారు, అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. ఇందులో మనం రికార్డులను ఒక్కొక్కటిగా పట్టుకుని మార్చము. ఏ షరతుకు లోబడినవి మారాలో చెబుతాము, ఆ షరతుకు తగిన సమూహం మొత్తం ఒకేసారి మారుతుంది. షరతే చెప్పకపోతే టేబుల్ అంతా ఆ సమూహంలోకి వస్తుంది. డేటాబేస్ దృష్టిలో అది పొరపాటు కాదు, మనం అడిగిందే చేసింది.

అందువల్ల మార్చే క్వెరీ ఏదైనా ముందు దానిని సెలెక్ట్‌గా రాసి, అదే వేర్ షరతుతో నడిపి, వచ్చిన రికార్డులను కళ్లారా చూడు. ఎన్ని వచ్చాయో కాగితం మీద రాసుకో. ఆ తర్వాత బిగిన్ అని ట్రాన్సాక్షన్, అంటే ఖాయం చేసేదాకా వెనక్కి తీసుకోగల మార్పుల కట్ట, మొదలుపెట్టి అప్‌డేట్ నడిపితే, మారిన సంఖ్య కాగితం మీది సంఖ్యతో సరిపోయిందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. సరిపోతే కమిట్ చేసి ఖాయం చెయ్యి, లేకపోతే ఆలోచించకుండా రోల్‌బ్యాక్ చేసి వెనక్కి తీసుకో. కాని ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి టీకి వెళ్లవద్దు. నువ్వు మార్చిన రికార్డుల మీద లాక్ అలాగే ఉంటుంది, అవే రికార్డులను మార్చబోయే పాల కేంద్రం గుమాస్తా తెర ముందు ఎదురుచూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకో. మీ ఆఫీసులో వాడేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అని రాశావు. అందులో టేబుల్‌ను సృష్టించే క్రియేట్ టేబుల్, దాని నిర్మాణాన్ని మార్చే ఆల్టర్ టేబుల్, దానినే తీసేసే డ్రాప్ టేబుల్, అందులోని రికార్డులన్నీ ఖాళీ చేసే ట్రంకేట్ కూడా ట్రాన్సాక్షన్‌లో ఉన్నంతవరకు రోల్‌బ్యాక్‌కు లొంగుతాయి. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ డేటాబేస్‌లలో అలా కాదు. అక్కడ ఆల్టర్ నడిచిన క్షణంలో, అంతకుముందు చేసిన మార్పులు కూడా నువ్వు అడగకుండానే కమిట్ అయిపోతాయి. రేపు ఇంకో ఉద్యోగంలో చేరి ఇదే అలవాటుతో అక్కడ పని చేస్తే దెబ్బతింటావు.

ఏ కాలమ్‌కు ఏ రకం పెట్టాలన్న నీ ప్రశ్నకు క్లుప్తంగా చెబుతాను. ఫోన్ నంబరును టెక్స్ట్‌గా ఉంచు. దానితో మనం కూడికలు చేయము, పైగా పది అంకెల మొబైల్ నంబరు పూర్ణసంఖ్యలకు వాడే మామూలు ఇంటిజర్‌లో పట్టదు, దాని హద్దు 2147483647. డబ్బుకు, లీటర్లకు, వెన్న శాతానికి దశాంశాలను ఉన్నది ఉన్నట్టు దాచే డెసిమల్ వాడు. ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ పెట్టావంటే నెల చివర మొత్తాల్లో పైసలు తేడా వస్తాయి, ఆ తేడా ఎక్కడిదో రైతుకు నువ్వు వివరించలేవు.

సభ్యుల పేర్లు తెలుగులో ఉంచుతున్నారు కాబట్టి పేరు కాలమ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. శ్రీనివాసులు అనే పేరు చదివితే మనకు ఐదు అక్షరాలు. డేటాబేస్ లెక్కలో శకారం, పొల్లు, రకారం, గుణింతం గుర్తు వేరువేరు కాబట్టి శ్రీ ఒక్కటే నాలుగు, పేరంతా కలిపితే పన్నెండు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 36 బైట్లు. పోస్ట్‌గ్రెస్‌లో మాటలు దాచే వర్‌క్యార్ కాలమ్ పొడవు క్యారెక్టర్లలో లెక్కిస్తారు, ఒరాకిల్‌లో మనం వేరుగా చెప్పకపోతే బైట్లలో లెక్కిస్తారు. అక్కడ 30 అని పెట్టిన కాలమ్‌లో ఈ పేరు ఎక్కదు. ఇంటిపేరు, తండ్రి పేరు కూడా చేరతాయి కాబట్టి ఇంగ్లీషు పేర్లను చూసి పొడవు నిర్ణయించవద్దు.

విలువ నింపని చోట ఉండే నల్ దగ్గర కూడా జాగ్రత్త. పాలు పోయని సభ్యులను వెతకడానికి నువ్వు రాసిన, జాబితాలో లేనివారిని ఏరే నాట్ ఇన్ క్వెరీకి ఒక్క రికార్డు కూడా రాలేదని అన్నావు కదా, లోపలి సెలెక్ట్‌లో సభ్యుని నంబరు నల్‌గా ఉన్న ఎంట్రీ ఒక్కటి ఉన్నా అలాగే జరుగుతుంది. నల్ అంటే తెలియదని అర్థం. తెలియనిదానితో పోలిస్తే ఫలితం కూడా తెలియదనే వస్తుంది. దానికి బదులు, సరిపోయే ఎంట్రీ లేనివారిని ఏరే నాట్ ఎగ్జిస్ట్స్‌తో రాయి. అసలు పాల ఎంట్రీలో సభ్యుని నంబరు ఖాళీగా ఉండనివ్వకూడదు, ఆ కాలమ్‌కు ఖాళీని ఒప్పుకోని నాట్ నల్ పెట్టి, సభ్యుల టేబుల్‌లో ఉన్న నంబరే పడేలా దానికి ఫారిన్ కీ కట్టు. అయితే ఆ ఫారిన్ కీకి ఆన్ డిలీట్ కాస్కేడ్ మాత్రం పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎవరో ఒక సభ్యుణ్ణి తొలగిస్తే, ఆయన ఏళ్ల తరబడి పోసిన పాల లెక్క అంతా చప్పుడు లేకుండా తుడిచిపెట్టుకుపోతుంది. సభ్యత్వం మానుకున్నవారిని తొలగించకుండా, మానుకున్న తేదీ అనే కాలమ్ ఉంచితే చాలు.

ఇక నువ్వు పంపిన ఆల్టర్ క్వెరీ. ఎంట్రీల టేబుల్‌కు పాల రకం అనే కాలమ్ చేర్చి, నాట్ నల్ పెట్టి, డిఫాల్ట్‌గా, అంటే ఏమీ చెప్పకపోతే పడే విలువగా, గేదె అని రాశావు. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి ఇది పెద్ద టేబుల్ మీద కూడా క్షణంలో ముగుస్తుంది, నీ క్వెరీలో తప్పేమీ లేదు. కాని అది నడిచిన మరుక్షణం, ఇప్పటిదాకా ఆవు పాలు పోసినవారి పాత ఎంట్రీలన్నీ గేదె పాలుగా నమోదవుతాయి. డేటాబేస్ ఏ ఎర్రరూ చూపదు, లెక్క మాత్రం అబద్ధమవుతుంది. కాలమ్‌ను డిఫాల్ట్ లేకుండా, నల్‌ను అనుమతిస్తూ చేర్చు. సభ్యుల రిజిస్టరు చూసి, ఒక్కో సొసైటీకి ఒక్కో ట్రాన్సాక్షన్‌గా పాత ఎంట్రీలను నింపు. రెండు రకాలూ పోసేవారివి కేంద్రం వాళ్లను అడిగి తెలుసుకో. ఇంకా నల్‌గా మిగిలినవి ఎన్నో లెక్కించి, సున్నా అయ్యాకే నాట్ నల్ పెట్టు.

ఈ ఆల్టర్‌ను సాయంత్రం పాలు పోయడం ముగిసి, రాత్రి బ్యాకప్ పూర్తయ్యాక నడుపు. చేతిలో తాజా బ్యాకప్ ఉండడం ఒక కారణమైతే, బ్యాకప్ నడుస్తున్నంతసేపు బ్యాకప్ తీసే పీజీ డంప్ ప్రోగ్రాం ఆ టేబుల్ మీద చిన్న లాక్ పట్టుకుని ఉండడం రెండోది. ఆల్టర్ ఆ లాక్ వెనుక ఆగితే, తర్వాత వచ్చే మామూలు సెలెక్ట్‌లు కూడా ఆల్టర్ వెనుక వరుస కట్టి ఆగిపోతాయి. అందుకే ముందుగా లాక్ టైమౌట్, అంటే లాక్ కోసం ఆగే గడువు, మూడు సెకన్లకు పెట్టు, దొరక్కపోతే విరమించి కాసేపాగి మళ్లీ ప్రయత్నించు.

క్వెరీలన్నీ ఒక ఫైలులో క్రమంగా రాసి, ప్రతిదాని కింద దానిని రద్దు చేసే క్వెరీని కూడా రాసి నాకు పంపు. ముందు టెస్ట్ డేటాబేస్‌లో నడిపినప్పుడు ఎన్ని రికార్డులు మారాయో ఆ ఫైలులోనే పక్కన వేయి. శనివారం కూర్చుని చదువుతాను. అక్కకు, బావగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ మామయ్య