బోన్సాయ్ ఎల్మ్‌కు కావలసింది ఎండ, కత్తెర; మందు కాదు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో, అపార్ట్‌మెంట్ బాల్కనీలో నాలుగేళ్లుగా చైనీస్ ఎల్మ్ బోన్సాయ్ పెంచుతున్నాను. కొమ్మలు సన్నగా సాగిపోయి, చివర్లలోనే పెద్ద ఆకులు వస్తున్నాయి. తెగులనుకొని, మందుల దుకాణంవారు చెప్పినట్టు ఇమిడాక్లోప్రిడ్, ఆ తర్వాత డైమిథోయేట్ అనే పురుగుమందులు పిచికారీ చేశాను. వారం వారం 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) కూడా ఇస్తున్నాను. ఇప్పుడు సగం ఆకులు రాలిపోయాయి. ఏ మందు వాడాలి?

జవాబు: ఏ మందూ వద్దు. మీరు వివరించిన లక్షణాలలో తెగులు కనిపించడం లేదు. వెలుతురు చాలని చోట నత్రజని ఎక్కువైతే ఈ చెట్టు ఇలాగే సాగుతుంది. ఆకులు రాలడానికి డైమిథోయేటే కారణమని నా అనుమానం. ఇటువంటి అంతర్వాహిక (మొక్క లోపలికి ఇంకి పనిచేసే) మందులు పడితే చైనీస్ ఎల్మ్ ఆకులు రాల్చడం తెలిసిన విషయమే. ఇక ఇమిడాక్లోప్రిడ్, ఆకుల రసం పీల్చే సూక్ష్మమైన నల్లిని చంపదు, పైగా ఒక్కోసారి దాని ఉధృతిని పెంచుతుంది. మొక్కను చూడకుండానే రెండు సీసాలు చేతిలో పెట్టిన దుకాణదారు సలహాను మీరు పాటించకుండా ఉండవలసింది. అనుమానం తీరాలంటే కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టండి. సన్నటి చుక్కలు కదిలితేనే అది నల్లి. అప్పుడు కూడా మూడు రోజులకొకసారి ఆకుల అడుగుభాగం తడిసేలా నీటిని గట్టిగా చిమ్మితే చాలా వరకు సరిపోతుంది.

ఎరువును ఆరు వారాలు పూర్తిగా ఆపండి. కొత్త ఆకులు ముదిరిన తర్వాత 19:19:19ను లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున పదిహేను రోజులకొకసారి మాత్రమే ఇవ్వండి. కుండీని రెండు వారాలలో క్రమంగా ఉదయపు ఎండలోకి జరిపి, రోజుకు కనీసం నాలుగైదు గంటలు ఎండ తగిలేలా చూడండి.

ఇక కత్తిరింపు. చెట్టు కోలుకొని కొత్త రెమ్మలు వేశాక, ఒక్కొక్కటి ఆరు నుంచి ఎనిమిది ఆకులు తొడిగేవరకు ఆగి, మొదటి రెండు ఆకులు మిగిల్చి పైభాగం తీసివేయండి. ఎల్మ్‌లో ఆకులు ఒకటి విడిచి ఒకటిగా రెండు వైపులా వస్తాయి కనుక, మిగిల్చిన చివరి ఆకు ఏ వైపు ఉంటే కొత్త రెమ్మ సాధారణంగా ఆ వైపే సాగుతుంది. అందువల్ల కత్తెర పెట్టేముందు ఆ ఆకు బయటివైపు ఉన్నదో లేదో చూసుకోండి. బలమంతా పైకి ఎక్కే చెట్టు ఇది. శిఖరాన్ని ముందుగా, గట్టిగా కత్తిరించి, కింది కొమ్మలు లావెక్కేవరకు వాటిని సాగనివ్వండి. ఒకే కణుపు నుంచి మూడు నాలుగు రెమ్మలు వస్తే రెండు మాత్రమే ఉంచండి, లేకపోతే అక్కడ బొడిపె కడుతుంది. కొమ్మను వంచడానికి అల్యూమినియం తీగ చుడితే వారం వారం చూడండి. బెరడులోకి దిగకముందే దానిని విప్పకుండా ముక్కలుగా కత్తిరించి తీయండి.

కుండీ మార్పిడి ఇప్పుడు చేయరాదు. వచ్చే జనవరి, ఫిబ్రవరి నెలలలో, మొగ్గలు విచ్చుకోకముందు, వేర్లలో మూడో వంతుకు మించకుండా తీసి మార్చండి.