కావలి సర్జన్ అబ్బాయికి

అబ్బాయ్,

కావలి ఆసుపత్రిలో సర్జన్‌గా చేరావని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం. ఉదయగిరి, వింజమూరు వైపు నుంచి నీ దగ్గరికి నాటు తుపాకీ దెబ్బలూ వస్తాయి. అడవి పంది అనుకుని చీకట్లో పేలిస్తే మనిషి తొడకు తగులుతుంది. అలాంటి కేసు చూడగానే నెల్లూరికి రిఫర్ చేసేద్దామనిపిస్తుంది. పంపు, తప్పులేదు. కానీ రక్తం ఆపకుండా మాత్రం పంపొద్దు. తొడలో పెద్ద ఆర్టరీ తెగినవాడు నెల్లూరు దాకా ఆగడు.

ముందు కారేచోట వేళ్లతో అదిమి పట్టి, ఆ చెయ్యి తియ్యకుండానే థియేటర్‌కు తీసుకుపో. గాయం ఇరుకుగా, లోతుగా ఉంటే మూత్రానికి వేసే బెలూన్ గొట్టం, ఫోలీ కాథెటర్, లోపలికి తోసి బెలూన్ నింపు. రక్తం ఆపే బిగుతు పట్టీ, టోర్నికే, కట్టుకుని వస్తే థియేటర్ బయట విప్పొద్దు. రక్తపు మడుగులో గుడ్డిగా క్లాంపు వేస్తే పక్కనున్న నర్వ్, వెయిన్ కూడా నలుగుతాయి.

రక్తం ఎగజిమ్ముతున్నా, వాపు కళ్లముందే పెరుగుతున్నా, పాదంలో నాడి అందకపోయినా స్కానింగుల కోసం ఆగకు. పెల్లెట్లు కాలంతా చెదిరి, దెబ్బ ఎక్కడో తెలియనప్పుడే యాంజియోగ్రామ్ సంగతి. తలకు దెబ్బ లేకపోతే, రక్తం ఆగేదాకా పై బీపీ 80, 90 మధ్య చాలు. సెలైన్ బాటిళ్లు ఎక్కించి ఉన్న రక్తాన్ని పలచన చెయ్యకు, రక్తమే ఎక్కించు. దెబ్బ తగిలిన 3 గంటల్లోపు రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము పడాలి.

కోత పెట్టేటప్పుడు నేరుగా గాయంలోకి దిగకు. పైన, కింద మంచి ఆర్టరీ దొరికేచోట దాని చుట్టూ టేపులు వేసుకున్నాకే మధ్యలోకి రా. గజ్జలో దెబ్బైతే పొత్తికడుపు పక్కగా, పేగుల చుట్టూ ఉండే పొర, పెరిటోనియం, తెరవకుండా వెళ్లి ఎక్స్‌టర్నల్ ఇలియాక్ ఆర్టరీ పట్టుకో, కాలికి రక్తం వచ్చేది దాన్నుంచే.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది షంట్ గురించి, అంటే తెగిన ఆర్టరీ కొసల మధ్య రక్తం పారేలా తాత్కాలికంగా పెట్టే ట్యూబు గురించి. ప్రాణం దక్కితే చాలని ఆర్టరీ కట్టేసి పంపాలనిపిస్తుంది. వేరే దారే లేకపోతే కట్టు, ప్రాణం ముందు. కానీ రెండో ప్రపంచ యుద్ధపు లెక్కలను 1946లో అమెరికన్ సర్జన్లు డిబేకీ, సిమియోన్ అచ్చువేశారు. కట్టేసిన కేసుల్లో సుమారు సగానికి అవయవం పోయింది. కొరియా యుద్ధంలో రిపేరు మొదలయ్యాక అది దాదాపు 13 శాతానికి దిగింది. ఆర్టరీ కుట్టే అలవాటు నీకింకా లేకపోతే ఫోగార్టీ బెలూన్ కాథెటర్‌తో రక్తపు గడ్డలు లాగి, గడ్డకట్టనివ్వని హెపారిన్ కలిపిన సెలైన్ కొట్టి, సైజుకు సరిపోయే స్టెరైల్ ట్యూబు ముక్క రెండు కొసల్లోకీ దూర్చి సిల్కుతో బిగించు. పాదం వెచ్చబడుతుంది, డాప్లర్‌లో రక్తం పారే చప్పుడు వినిపిస్తుంది. అవతలి కాలి సఫీనస్ వెయిన్ తీసి, తిప్పి, తెగినచోట గ్రాఫ్ట్ వేసే పని నెల్లూరులో చేస్తారు. ఆ మంచి కాలి మీద మాత్రం చెయ్యి వెయ్యకుండా పంపు.

దెబ్బ తగిలి 6 గంటలు కావస్తుంటే పిక్కలో కండరాలను బిగించి ఉంచే నాలుగు కంపార్ట్‌మెంట్లూ నువ్వే తెరువు. బిగుసుకున్నాక చూద్దామంటే కండ చచ్చిపోతుంది.

పోలీసుల కోసం వైద్యం ఆపొద్దు. సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో ఆ మాట తేల్చేసింది. కబురు మాత్రం పంపు. బట్టలు కత్తిరించేటప్పుడు గుండు దూరిన రంధ్రం తప్పించి కత్తిరించు, తీసిన పెల్లెట్లు సీలు చేసి దాచు.

బండి ఎక్కించేముందు నెల్లూరుకి నువ్వే ఫోన్ చేసి షంట్ పెట్టిన టైం, టోర్నికే కట్టిన టైం చెప్పు. కేస్ షీట్‌లోనూ రాయి. పాదంలో నాడి చూసుకోగలిగిన నర్సును వెంట పంపు.

ఇట్లు
మీ పెదనాన్న