ఒకటే మట్టి, రెండు గ్రాఫులు

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం బెంటోనైట్ మట్టిలో సీటాబ్ (సెటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్ అనే సబ్బులాంటి రసాయనం) కలిపి, కడిగి, ఆరబెట్టాను. అదే పొడిని రెండు ల్యాబుల్లో టీజీఏ (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గిందో చూసే పరీక్ష), డీటీఏ (వేడి విడుదలైందా, పీల్చుకుందా అని చూసే పరీక్ష) చేయిస్తే ఒక గ్రాఫులో వేడి విడుదలైనట్టు రెండు పెద్ద శిఖరాలు వచ్చాయి, ఇంకోదాంట్లో ఒక్కటీ లేదు. గాలిలో వేడి చేసినప్పుడు బరువు మొత్తం 30 శాతం తగ్గింది కాబట్టి సీటాబ్ 30 శాతం అని రాసేశాను. మా సార్ ఒప్పుకోవడం లేదు.
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: టెన్షన్ పడకండి, గ్రాఫులు రెండూ కరెక్టే అయ్యుంటాయి. ఆ రెండో ల్యాబు వాళ్లు ఏ గ్యాసు వాడారో అడిగారా? నైట్రోజన్ అయ్యుంటుందని నా అనుమానం. గాలిలో అయితే 200 నుంచి 400 డిగ్రీల మధ్య సీటాబ్‌లోని హైడ్రోజన్ ముందు కాలి నీరై పోతుంది, కార్బన్‌లో కొంత మాత్రం మట్టి పొరల మధ్య ఇరుక్కుని బొగ్గవుతుంది, ఆ బొగ్గు 400 దాటాక తాపీగా, ఒక్కోసారి 700 దాకా కాలుతూనే ఉంటుంది. అందుకే రెండు శిఖరాలు. నైట్రోజన్‌లో కాలడానికి ఆక్సిజనే లేదు కదా, అణువులు విరిగి ఆవిరిగా పోతాయి, బొగ్గు అలాగే ఉండిపోతుంది. పారేయకుండా ఉంటే ఆ క్రూసిబుల్ (పొడిని వేడి చేసిన చిన్న గిన్నె) అడిగి తెచ్చుకుని చూడండి, అడుగున పొడి నల్లగా ఉంటుంది. సరిగా కాలని ఇటుకని విరగ్గొడితే మధ్యలో నల్లగా కనిపిస్తుందే, అదీ ఇదే, గాలి లోపలిదాకా అందక మిగిలిన బొగ్గు.

30 శాతం విషయంలో మాత్రం మీ సార్ మాటే రైటు. 200 లోపు పోయేదాంట్లో ఎక్కువ భాగం తేమ. 600, 700 దగ్గర మట్టి పలకల్లోని హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) కూడా నీరై పోతుంది, పైగా సరిగ్గా అక్కడే బొగ్గు కూడా కాలుతుండటంతో గ్రాఫు చూసి రెండిటినీ విడదీయలేం. సీటాబ్ కలపని ఉత్త మట్టిని కూడా గాలిలోనే వేడి చేయించండి. అందులో తేమ పోయాక ఇంకో 5 గ్రాములు తగ్గి 95 మిగిలిందనుకోండి, ఆ లెక్కన మీ పొడిలో మిగిలిన 70కి హైడ్రాక్సిల్ వాటా సుమారు 3.7. తేమ 2 అనుకుంటే, 30లోంచి ఈ రెండూ తీసేస్తే మీకు దక్కేది 24.3 మాత్రమే.

అది కూడా బాగా కడిగి ఉంటేనే. మట్టి పట్టుకునేది సీటాబ్‌లోని పాజిటివ్ అయాన్‌ని, బ్రోమైడ్ కడిగిన నీళ్లలో పోవాలి. ఆఖరిసారి కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేశారా? లేత పసుపుగా తెల్లబారితే ఇంకా కడగాలి.