పాత డిస్కో నుంచి సింథ్-పాప్‌కి మారేటప్పుడు బీట్ జారిపోతోందా?
గురూ, రుషికొండ పార్టీలో డీజే చేస్తూ పాత డిస్కో మీదకి సింథ్-పాప్ (సింథసైజర్లతో కట్టే పాప్) ఎక్కిస్తుంటే అర నిమిషానికే రెండు పాటల కిక్‌లూ (బాస్ డ్రమ్ దెబ్బలు) విడిపోతున్నాయన్నావు కదా, అందులో నీ చెవి తప్పేం లేదు. డెబ్బైల డిస్కోలో చాలా పాటలకి డ్రమ్స్ మనిషి వాయించినవే, టెంపో కాస్త అటూ ఇటూ ఊగుతుంది, రెండు పాటల వేగాన్ని దానంతటదే కలిపే సింక్ బటన్ నొక్కి వదిలేస్తే అంతే సంగతులు. పాత పాట చివర్లో ఉత్త డ్రమ్స్ ఉన్నచోట నాలుగు బార్లు (ఒక్కో బార్‌కి నాలుగు బీట్లు) మళ్లీ మళ్లీ తిరిగేలా లూప్ చేసి, కొత్త పాటని దానిమీదకి తీసుకురా. ఇంకా సులువు కావాలంటే మధ్యలో 1977 నాటి డోనా సమ్మర్ 'ఐ ఫీల్ లవ్' వెయ్యి, నిర్మాత జార్జియో మొరోడర్ వాళ్లు మూగ్ సింథసైజర్ మీద కట్టిన పాట, టెంపో పెద్దగా కదలదు. అక్కణ్ణించి బ్రిటిష్ బ్యాండ్ న్యూ ఆర్డర్ 'బ్లూ మండే'కి (1983, నిమిషానికి దాదాపు 130 బీట్లు) పాట వేగం మార్చే పిచ్ ఫేడర్ కొంచెం జరిపితే చాలు. పాకిస్తానీ గాయని నాజియా హసన్ 'డిస్కో దీవానే' అడక్కుండా మన వైజాగ్ జనం వదలరనుకో, దాన్ని సెట్ మొదట్లోనే వేసెయ్.