సంపాదిస్తున్న కొడుకు డిపెండెంటు కాడా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. భార్యాభర్తలిద్దరం ఉద్యోగస్తులం. 2024లో మా ఉమ్మడి ఆదాయం లక్షా 95 వేల డాలర్లు. మా అబ్బాయికి ఇరవై ఏళ్లు. కాలేజీ రెండో సంవత్సరం, అక్కడే డార్మిటరీలో ఉంటాడు. గ్రంథాలయంలోనూ, వేసవిలో ఒక సంస్థలోనూ పనిచేసి 17,600 డాలర్లు సంపాదించాడు. మాకు చెప్పకుండా 2025 ఫిబ్రవరిలో సొంతంగా పన్ను రిటర్ను వేసి, చదువు క్రెడిట్ (చదువు ఖర్చుకు పన్నులో ఇచ్చే తగ్గింపు) చూపించి పన్ను లేకుండా చేసుకుని, పైగా వెయ్యి డాలర్లు తీసుకున్నాడు. ఏప్రిల్‌లో మేం వాడి పేరు డిపెండెంటుగా, అంటే మామీద ఆధారపడినవాడిగా చేర్చి పంపితే మా రిటర్ను తిరస్కరించారు. గడువు దగ్గర పడడంతో పేరు తీసేసి మళ్లీ పంపాం. అడిగితే ‘నేను మీమీద ఆధారపడలేదు’ అంటాడు. ఫీజు కట్టింది నేను. ఆ మాటకు నా భార్య రెండు రోజులు అన్నం తినలేదు. ఫీజు వాడికి అప్పుగా ఇచ్చినట్లు పాత తేదీతో ప్రామిసరీ నోటు రాసుకుంటే వాడు వేసిన రిటర్నే నిలుస్తుందని ఒక మిత్రుడు చెప్పాడు. అలా చేయవచ్చా?

జవాబు: మీ అబ్బాయి ఏమన్నాడన్నది పక్కన పెట్టండి. తేల్చవలసింది ఒక్కటే. 2024లో అతని పోషణకు అయిన ఖర్చులో సగానికి మించి అతనే భరించాడా? 24 ఏళ్లు నిండకుండా, ఏడాదిలో కనీసం ఐదు నెలలు పూర్తికాల విద్యార్థిగా ఉన్న కొడుకు విషయంలో ఎంత సంపాదించాడని అమెరికా పన్ను చట్టం అడగదు. ఎవరి డబ్బుతో బతికాడని అడుగుతుంది. చదువు కోసం డార్మిటరీలో ఉన్న నెలలు కూడా మీ ఇంట్లో ఉన్నట్లే లెక్క.

మీరు జతచేసిన వివరాల ప్రకారం ఫీజు 14,000, గది, భోజనం 16,000, బీమా, ఫోను, పుస్తకాలు, ప్రయాణాలు కలిపి 8,000. మొత్తం 38,000 డాలర్లు. అందులో సగం 19,000. అతను సంపాదించిందంతా ఖర్చుపెట్టినా సగానికి చేరడు. పైగా ఆరు వేలు దాచుకున్నాడని మీరే రాశారు. బ్యాంకులో దాచుకున్నది పోషణ కిందకు రాదు. కాబట్టి అతను మీ డిపెండెంటే.

ఫీజు కట్టారు కనుక క్రెడిట్ మీకు వస్తుందనుకోవడమూ పొరపాటే. ఎవరు కట్టినా, డిపెండెంటుగా చూపినవారికే ఈ చదువు క్రెడిట్ (అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్) చెందుతుంది. అయితే ఉమ్మడి రిటర్నులో ఆదాయం లక్షా 60 వేలు దాటితే అది తగ్గుతూ, లక్షా 80 వేల దగ్గర పూర్తిగా పోతుంది. మీకు మిగిలేది ఇతర డిపెండెంట్లకు ఇచ్చే 500 డాలర్ల క్రెడిట్ ఒక్కటే.

అర్హత ఉండి కూడా మీరు అతన్ని చూపకపోతే, ఆ క్రెడిట్ అతను వాడుకోవచ్చు. కానీ పన్ను తగ్గించుకునేంత వరకే. 17,600లో 14,600 ప్రామాణిక తగ్గింపు పోతే మిగిలేది 3,000, దానిమీద పన్ను దాదాపు 300. ఆ మూడు వందల కోసం మీరు ఐదు వందలు వదులుకోవాలి. ఈ క్రెడిట్ ఒక విద్యార్థికి నాలుగు సంవత్సరాలే దొరుకుతుంది. అందులో ఒకటి ఇలా ఖర్చయిపోతుంది.

ఇక నోటు సంగతి. విద్యార్థి తానే తీర్చవలసిన అప్పును అతని సొంత పోషణగా చట్టం లెక్కిస్తుంది. మీ మిత్రుడి మాటకు ఆధారం అదే. మీ విషయంలో అప్పు ఎక్కడుంది? డబ్బు మీ ఖాతా నుంచి నేరుగా కాలేజీకి వెళ్లింది. ఒక్క వాయిదా రాలేదు. తగాదా వచ్చాక పుట్టే కాగితానికి పాత తేదీ వేస్తే అది సాక్ష్యం కాదు, మోసానికి రుజువు. మామూలుగా పన్ను మళ్లీ లెక్కగట్టడానికి అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు ఉన్న గడువు మూడేళ్లు. మోసపు రిటర్నుకు ఆ గడువే లేదు. మోసం తేలితే ఈ క్రెడిట్ పదేళ్లు అడగడానికి వీల్లేదు. నిర్లక్ష్యంగా, నిబంధనలు ఖాతరు చేయకుండా అడిగినట్లు తేలినా రెండేళ్లు. పోనీ ఇంత చేసినా ఆ వెయ్యి దక్కుతుందా అంటే, దక్కదు. తల్లిదండ్రులు ఉండి, 24 ఏళ్ల లోపు పూర్తికాల విద్యార్థి స్వార్జితం తన పోషణలో సగానికి తక్కువైతే క్రెడిట్‌లో పన్ను పోను చేతికి ఇచ్చే భాగం, అంటే ఆ వెయ్యి రాదు. అప్పు స్వార్జితం కాదు. ఆ నోటు రాయవద్దు, మీ అబ్బాయి చేత సంతకం పెట్టించవద్దు.

రిటర్నులో ‘మిమ్మల్ని మరొకరు డిపెండెంటుగా చూపవచ్చా’ అని ఒక గడి ఉంటుంది. చూపారా అని కాదు, చూపవచ్చా అని. అబ్బాయి అది చదవలేదు. 38 వేల ఖర్చులో అధికభాగం మోసిన మీరు జనవరిలో అతనితో పది నిమిషాలు కూర్చుని ఎవరు ఏం వేయాలో మాట్లాడుకోలేదు. తప్పు ఇద్దరిదీ.

ముందు అతను సవరణ రిటర్ను (ఫారం 1040-ఎక్స్) వేసి ఆ గడి సరిచేసి, క్రెడిట్ తీసేసి, పన్ను 300, తీసుకున్న వెయ్యి కలిపి దాదాపు 1,300 డాలర్లు వడ్డీతో కట్టాలి. ఐఆర్ఎస్ నుంచి ఉత్తరం రాకముందే ఈ పని జరిగితే 20 శాతం జరిమానా తప్పుతుంది, అందుకే ఈ నెలలోనే చేయించండి. ఆ తర్వాత మీరు మీ 1040-ఎక్స్‌లో అతని పేరు చేర్చి 500 అడగండి. మీకు 2028 ఏప్రిల్ 15 వరకు గడువుంది. కాలేజీ ఇచ్చిన ఫీజు వివరాల ఫారం 1098-టి, ఫీజు ఖాతా పత్రం, గది, భోజనం బిల్లులు, పూర్తికాల విద్యార్థి అన్న ధ్రువపత్రం, అతని జీతం వివరాల ఫారం డబ్ల్యూ-2, మీ ఇద్దరి బ్యాంకు పత్రాలు ఒకచోట పెట్టండి. గది, భోజనం క్రెడిట్ లెక్కలోకి రావు గానీ పోషణ లెక్కలోకి వస్తాయి, ఆ బిల్లులు పారేయకండి.

మూడో సంవత్సరం (2025) క్రెడిట్ ఇంకా మీ చేతిలోనే ఉంది. 2025 పరిమితి ప్రకారం ఒక్కొక్కరు 401(కె)లో (జీతంలోంచి పన్నుకు ముందే జమయ్యే పదవీ విరమణ పొదుపు) 23,500 డాలర్ల దాకా వేయవచ్చు, ఆ మేరకు పన్ను లెక్కలో ఆదాయం తగ్గుతుంది. ఇప్పుడు ఎంత వేస్తున్నారో చూసి, 2025 డిసెంబరు 31లోగా పెంచండి. ఆదాయం లక్షా 70 వేలకు దిగితే 1,250, లక్షా 60 వేలకు దిగితే పూర్తి 2,500 మీకే వస్తుంది. రాష్ట్ర రిటర్ను కూడా సవరించండి. 22 ఏళ్ల లోపు కాలేజీలో చదివే డిపెండెంటు ఉంటే, ఫీజు, పోషణ ఖర్చుల్లో సగమైనా కట్టిన తల్లిదండ్రులకు న్యూజెర్సీ అదనంగా 1,000 డాలర్ల మినహాయింపు ఇస్తుంది. కంగారులో అతని పేరు తీసేసినప్పుడు దాన్నీ పోగొట్టుకుని ఉంటారు.